గది చూసేముందు మీటర్ చూడు తల్లీ

తల్లీ,

నువ్వు ఫోన్ చేసిన దగ్గర్నుంచి నాకు అదే ఆలోచన. అల్లుడికి హైదరాబాద్ జీడిమెట్లలో పని దొరికిందంటే చాలా సంతోషమైంది. పదిహేను వేల జీతంలో ఇద్దరు పిల్లలతో కిరాయి ఇల్లు దొరుకుతుందా అని నీ టెన్షన్. దొరుకుతుంది. ఈ ఊళ్ళో నేను పదకొండు ఇళ్ళు మారాను.

ముందు అల్లుణ్ణి ఒక్కణ్ణే పంపించు. పది రోజులు తోటి పనివాళ్ళ గదిలో సర్దుకుంటాడు. సాయంత్రాలు షాపూర్‌నగర్, చింతల్, జగద్గిరిగుట్ట గల్లీల్లో నడిచి తిరగమను. మనకు అందే గదులు ఫోన్ యాప్‌లలో పెద్దగా కనపడవు. గేటుకు వేలాడే టు-లెట్ అట్ట చూడాలి, కిరాణా కొట్టులో, ఇస్త్రీ బండి దగ్గర అడగాలి. ఎవరు ఖాళీ చేయబోతున్నారో వాళ్ళకి ముందే తెలుస్తుంది. గది చూడకుండా అడ్వాన్స్ వేయమన్నవాళ్ళకి రూపాయి కూడా పంపొద్దు. స్కాన్ చేస్తే డబ్బు మీకే వస్తుందంటారు. స్కాన్ చేసి పిన్ కొడితే మన డబ్బు పోవడమే, రావడం ఉండదు.

గది అల్లుడి ఫ్యాక్టరీకి నడిచే దూరంలో ఉండాలి. నీ పని దూరమైనా పరవాలేదు. 2023 డిసెంబర్ నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేవు. తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ దగ్గర పెట్టుకుంటే చాలు. అతనికి మాత్రం రోజూ ఛార్జీ తప్పదు.

ఇక కరెంటు సంగతి. ఒకసారి నేను ఐదు వందలు తక్కువని రేకుల గది తీసుకున్నాను. ఐదు పోర్షన్లకి ఒకటే మీటర్. ఓనర్ మాకు సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కి పది రూపాయలు వసూలు చేసేవాడు. ఎండాకాలం ఆ రేకుల కింద పిల్లలు నిద్రపోలేక ఏడుస్తుంటే కూలర్ ఆపలేం కదా. కిరాయిలో మిగిలిన దానికి రెండింతలు కరెంటుకే కట్టాను.

ఇప్పుడు గృహజ్యోతి పథకం ఉంది. తెల్ల రేషన్ కార్డు ఉంటే నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. కిరాయికి ఉండేవాళ్ళకీ వర్తిస్తుంది. కానీ నీ పోర్షన్‌కి విడి మీటర్ ఉండాలి, ఆ నంబర్ నీ కార్డుకి ఎక్కాలి. ఒక కార్డుకి ఒకటే మీటర్. ఊళ్ళో మీ అత్తగారి ఇంటి మీటర్‌కి మీ కార్డే ఎక్కించారేమో ముందే కనుక్కో. ఇక్కడ పాత కిరాయివాళ్ళ కార్డు ఆ మీటర్ మీద ఉందేమో కూడా అడగమను. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. విడి మీటర్ ఉన్న గదికి మూడొందలు ఎక్కువైనా నేను దాన్నే తీసుకుంటాను.

నల్లా నీళ్ళు చాలా చోట్ల రోజు విడిచి రోజు వస్తాయి. అవి వచ్చే టైముకే వెళ్ళి చూడాలి. గోడ అడుగున చెమ్మ గీత కనిపిస్తే, దగ్గర్లో నాలా ఉంటే, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. 2020 అక్టోబర్ వానల్లో అలాంటి గదుల్లో బియ్యం, బట్టలు, సర్టిఫికెట్లు అన్నీ తడిసిపోయాయి.

మీరేమిటోళ్ళు అని కులం అడిగే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు తల్లీ. ఆ మాటకి నా మనసు ఇవాళ్టికీ మండుతుంది. అక్కడ బతిమాలొద్దు. పక్క గల్లీలో అడగండి. పిల్లలు ఇద్దరని మాత్రం మొదటి రోజే చెప్పండి. దాచిపెడితే తర్వాత నీళ్ళ దగ్గర రోజూ గొడవే.

బడులు తెరిచే ముందు గదులకి గిరాకీ ఎక్కువ. ఆషాఢంలో చాలామంది ఇల్లు మారరు, ఖాళీగా ఉంచడం కంటే మేలని ఓనర్లు కాస్త తగ్గిస్తారు. నీకు పట్టింపు లేకపోతే అప్పుడే రా. పదకొండు నెలల అగ్రిమెంట్ రాయించుకోండి. అడ్వాన్స్ ఎంతో, ఖాళీ చేసేటప్పుడు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అందులో ఉండాలి. కిరాయి ఫోన్‌లోనే పంపి, ఏ నెలదో రాయండి. గ్యాస్ కనెక్షన్ మారేదాకా ఐదు కిలోల చిన్న సిలిండర్ తీసుకోండి, ఆధార్ చూపిస్తే ఇస్తారు.

అల్లుడు బస్సెక్కగానే నాకు ఫోన్ చెయ్యమను. మొదటి ఆదివారం నేనే వెంట తిరుగుతాను.

మీ పిన్ని