పాత పీసీ మీద సాంబాతో డొమైన్ కంట్రోలర్: నడిచిన రోజులు, నడవని రోజులు

ఆయ్, అవుద్దండి. పాలకొల్లు కాలేజీ ల్యాబులో 18 సిస్టమ్‌లు, మూలన పడున్న 4 జీబీ పీసీ ఒకటి, విండోస్ సర్వర్ కొనడానికి డబ్బుల్లేవు, తేలికపాటి లైనక్స్‌తో డొమైన్ కంట్రోలర్ (అన్ని సిస్టమ్‌ల యూజర్లనీ పాస్‌వర్డ్‌లనీ ఒకే చోట చూసే సర్వరు, పొట్టిగా డీసీ) పెట్టొచ్చా అన్నది కదా మీరడిగింది. నేను భీమవరంలో ఒక రొయ్యల మేత డీలరు ఆఫీసుకి ఇదే పని చేశాను. 14 సిస్టమ్‌లు. సర్వరేమో గుమస్తా గారి బల్ల మీద నుంచి దింపేసిన పాత డెస్క్‌టాప్. మూడేళ్ళుగా నడుస్తోంది. నడవని రోజులు కూడా ఉన్నాయి, ఎక్కువగా వాటి గురించే చెబుతాను. లైనక్స్‌ని డీసీగా మార్చే ఫ్రీ సాఫ్ట్‌వేరు సాంబా. దాన్ని ఇన్‌స్టాల్ చేయడం సాంబా వికీ చూసి ఎవరైనా చేసేస్తారు.

సర్వరు జోలికి వెళ్ళేముందు ప్రతి సిస్టమ్‌లో విన్‌వర్ (విండోస్ వివరాలు చూపించే కమాండ్) కొట్టి ఎడిషన్ చూసుకోండి. హోమ్ అని ఉంటే అది డొమైన్‌లో చేరదు. ప్రొ గానీ, ఎడ్యుకేషన్ గానీ, ఎంటర్‌ప్రైజ్ గానీ అయ్యుండాలి. మాకు 5 హోమ్‌లు తేలాయి. వాటిని ప్రొకి మార్చే ఖర్చు చెబితే మా ఓనరు గారు "ఫ్రీ అన్నావు కదయ్యా" అన్నారు. సర్వరు ఫ్రీయే, దానికి యూజరుకింత అని లైసెన్సు కట్టక్కర్లేదు. ఇది వేరే లెక్క.

డిస్ట్రో (లైనక్స్‌లో ఏ రకం) విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. డెస్క్‌టాప్ తెర (గ్రాఫిక్స్) లేకుండా డెబియన్ వేసుకోండి. మాది 2 జీబీ ర్యామ్‌తోనే లాగిస్తోంది. ఆల్పైన్ ఇంకా తేలిక, అందులోనూ సాంబా డీసీ ప్యాకేజీ ఉంది. కానీ మీరు సెలవులో ఉన్నప్పుడు ఇంకొకరు వచ్చి చూడాలంటే డెబియన్ తెలిసినవాళ్ళే ఎక్కువ దొరుకుతారు. 2012 డిసెంబరులో వచ్చిన సాంబా 4.0 నుంచీ యాక్టివ్ డైరెక్టరీ (మైక్రోసాఫ్ట్ డొమైన్ వ్యవస్థ) డీసీ పని అదే చేస్తోంది, కాబట్టి కొత్త ప్రయోగమేమీ కాదు. డొమైన్‌ని తయారుచేసే ప్రొవిజన్ కమాండ్ కొట్టేముందు సాంబా సెట్టింగులుండే పాత ఎస్ఎంబీ కాన్ఫ్ ఫైలు పక్కకి జరపండి, అది ఉంటే పని ముందుకి సాగదు. ఇంకొకటి, డెబియన్ ఇన్‌స్టాలర్ హోస్ట్స్ ఫైల్లో (పేర్లకి ఐపీలు రాసుండే ఫైలు) సర్వరు పేరుని 127.0.1.1కి, అంటే తనకే తిరిగొచ్చే చిరునామాకి, కట్టేసి ఉంచవచ్చు. ఆ లైను తీసి, సర్వరు అసలు ఐపీ రాయండి. ఆ ఐపీ కూడా స్థిరంగా ఉండాలి.

ఇక డీఎన్ఎస్, అంటే పేర్లని ఐపీలుగా మార్చే సర్వీసు. నేను రెండు రోజులు తిన్న దెబ్బ ఇదే. విండోస్ సిస్టమ్ డొమైన్‌ని వెతుక్కునేది డీఎన్ఎస్‌లో ఉండే ఎస్ఆర్‌వీ రికార్డులతో (ఏ సర్వీసు ఏ సర్వర్లో ఉందో చెప్పేవి). ఆ రికార్డులు మీ డీసీ దగ్గర తప్ప బయట ఎక్కడా ఉండవు. నేనేమో రూటర్లో మొదటి డీఎన్ఎస్‌గా డీసీ ఐపీ, రెండోదిగా గూగుల్ వాళ్ళ 8.8.8.8 పెట్టాను, సర్వరు ఆగినా నెట్ ఆగకూడదని. మంచి పని చేశాననే అనుకున్నాను. విండోస్ ఒక్కోసారి రెండోదాన్ని పట్టుకునేది. "మీ డొమైనెవరో మాకు తెలీదు" అని అది చెబితే ఇది నమ్మేసేది. ఒక సిస్టమ్ చేరేది, పక్కది చేరేది కాదు, రీస్టార్ట్ చేస్తే అటుదిటు అయ్యేది. క్లయింట్లకి డీసీ ఐపీ ఒక్కటే ఇవ్వండి. బయటి పేర్ల కోసం సాంబాలోనే ఫార్వర్డర్‌గా (తనకి తెలీని పేర్లు అడిగే చోటుగా) 8.8.8.8 పెట్టండి. సర్వర్లో సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ (లైనక్స్ సొంత డీఎన్ఎస్ సర్వీసు) నడుస్తుంటే దాన్ని ఆపండి, అది డీఎన్ఎస్‌కి కావాల్సిన పోర్టు 53 మీద కూర్చుంటుంది.

రెండోది టైము. లాగిన్లని సరిచూసే కెర్బెరోస్ పద్ధతిలో సర్వరుకీ క్లయింటుకీ 5 నిమిషాలకు మించి తేడా ఉండకూడదు. ఒకరోజు రాత్రి గాలివానకి కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. పొద్దున్నొచ్చి సర్వరు ఆన్ చేశారు. ఫోల్డరు తెరిస్తే క్లయింటుకీ సర్వరుకీ తేదీ, టైము తేడా ఉందని మెసేజ్. ఫోన్లో "తేదీ చూడండి" అన్నాను, "సరిగ్గానే ఉందండి, మన టైమే" అన్నారు. వాళ్ళు చూసింది వాళ్ళ సిస్టమ్‌లో టైము. సర్వరేమో ఇంకా నిన్న రాత్రి 11 గంటల దగ్గరే ఉంది. మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చిపోయింది, ఫైబర్ తెగి నెట్ లేదు. దాంతో లైనక్స్ తను చివరిసారి రాసుకున్న టైము నుంచే మొదలెట్టింది. సీఆర్ 2032 అనే బిళ్ళ బ్యాటరీ, వాచీల కొట్లో దొరుకుద్ది. మీ పాత పీసీలో అది ఇవాళే మార్చేయండి. తర్వాత సర్వర్లో టైము సరిచూసే క్రోనీ వేసి, దాని సెట్టింగుల్లో ఎన్‌టీపీ సైన్‌డీ సాకెట్ లైను (సాంబా సంతకంతో విండోస్‌లకి టైము ఇచ్చేది) కూడా పెట్టండి. అప్పుడు విండోస్‌లు డీసీ టైముకే సర్దుకుంటాయి.

డీసీ ఆగితే ల్యాబు ఆగిపోతుందా అన్నారు. వెంటనే ఆగదు. వేసవిలో కాలువలు కట్టేసేముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటాం చూడండి, విండోస్ కూడా అలాగే లాగిన్లు దాచుకుంటుంది. కానీ ఒక్కో సిస్టమ్‌లో మామూలుగా చివరి 10 మందివే. మా ఆఫీసులో ఎవరి కుర్చీ వాళ్ళది కాబట్టి సరిపోయింది. మీ ల్యాబులో బ్యాచ్‌కో పిల్లలు మారతారు, మీ చెరువు పొద్దున్నకే ఖాళీ. అందుకని ఇంకో పాత పీసీ దొరికితే రెండో డీసీ పెట్టండి. గ్రూప్ పాలసీలు (డొమైన్ అంతటికీ పెట్టే సెట్టింగులు) ఉండే సిస్‌వాల్ ఫోల్డరు మటుకు రెండో దానికి తనంతట తను వెళ్ళదు, సాంబాలో ఆ ఏర్పాటు లేదు. ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్‌తో మీరే పంపాలి.

పాస్‌వర్డ్ గడువు మామూలుగా 42 రోజులు. నేను చూసుకోలేదు. 43వ రోజు పొద్దున్న అందరికీ ఒకేసారి కొత్త పాస్‌వర్డ్ అడిగితే, సర్వరు హ్యాకయిందని ఆఫీసంతా గోల. సాంబా టూల్ అనే కమాండ్‌తో ఆ గడువు ముందే మార్చుకోండి.

డీసీ మీదే ఫైళ్ళు షేర్ చేయొద్దని సాంబా వాళ్ళు చెబుతారు. చిన్న ఆఫీసే కదా అని నేను పెట్టాను, అనుమతుల చిక్కులు పడలేక ఏడాదికి తీసేసి వేరే పీసీలో పెట్టాను. రోమింగ్ ప్రొఫైళ్ళు (ఏ సిస్టమ్‌లో లాగినైతే అక్కడికి యూజరు ఫైళ్ళు, సెట్టింగులు వెంట రావడం) అసలొద్దు. యూజర్లనీ గ్రూప్ పాలసీలనీ ఏదైనా ప్రొ సిస్టమ్‌లో ఆర్‌శాట్ (సర్వర్ని దూరం నుంచి చూసుకునే మైక్రోసాఫ్ట్ టూల్స్) వేసుకుని అక్కణ్ణుంచే చూసుకోవచ్చు, లైనక్స్ తెర ముందు కూర్చోనక్కర్లేదు. బ్యాకప్‌కి సాంబా టూల్లోనే డొమైన్ బ్యాకప్ ఉంది, మా సర్వర్లో వారానికోసారి క్రాన్‌తో (చెప్పిన టైముకి పనులు నడిపేది) నడుస్తోంది.

డొమైన్ పేరు మటుకు తొందరపడి పెట్టకండి, తర్వాత మార్చడం నరకం. చివర లోకల్ అని పెడితే ఎండీఎన్ఎస్‌తో (చిన్న నెట్‌వర్క్‌లో పేర్లు వెతికే పద్ధతి, అదీ ఆ ముగింపే వాడుద్ది) గొడవ. కాలేజీకి సొంత వెబ్‌సైట్ ఉంటే దాని పేరు ముందు ఏడీ అని చేర్చి వాడండి. లేకపోతే ఇంటర్నల్ అనే ముగింపు ఉంది, 2024లో ఇంటర్నెట్ పేర్లు చూసే సంస్థ ఐకాన్ దాన్ని ప్రైవేటు నెట్‌వర్క్‌లకే వదిలేసింది. మీకు వెబ్‌సైట్ ఉందో లేదో, 18లో హోమ్‌లు ఎన్ని తేలాయో కింద రాయండి, చూసి చెబుతాను.