ఆశ్రయం కోరి వచ్చిన నిందితుణ్ని విచారణకు ముందే పంపేయొచ్చా?

ప్రశ్న: ఆశ్రయం కోరి వచ్చిన విదేశీయుడి మీద అత్యాచారం కేసు నమోదైతే, వెంటనే విమానం ఎక్కించి అతని దేశానికి పంపేయకుండా ఏళ్ల తరబడి కోర్టులు, అప్పీళ్లు ఎందుకండీ? మా ఇంట్లో దీని మీద రోజూ వాదనే. శరణార్థుల్ని వెనక్కి పంపకూడదని అంతర్జాతీయ చట్టం ఉందని మా అబ్బాయి అంటాడు. ఆ చట్టం నేరం చేసినవాడికేనా, బాధపడ్డ ఆడపిల్లకు ఏ చట్టమూ లేదా అని నేనంటాను. మా ఇద్దరిలో ఎవరిది కరెక్ట్?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ బాధ గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఆ బాధలో న్యాయం ఉంది. కానీ 'పంపేయడం' అనే మాటను మీరు శిక్ష అన్న అర్థంలో వాడారు. చట్టం దృష్టిలో అది శిక్ష కాదు. వీసా గడువు దాటిన విద్యార్థిని పంపించేదీ అలాంటి ఉత్తర్వుతోనే. విచారణ జరగకుండా విమానం ఎక్కిన నిందితుడు తన దేశంలో దిగాక నేరుగా ఇంటికి వెళ్లిపోవచ్చు. చాలా సందర్భాల్లో అక్కడి పోలీసుల దగ్గర అతని మీద ఏ కేసూ ఉండదు. సాక్షులు ఇక్కడ, వైద్య నివేదిక ఇక్కడ, మనిషి మాత్రం అక్కడ.

నేను బాధితుల తరఫునా, ముద్దాయిల తరఫునా కోర్టులో నిలబడ్డవాణ్ని. ఇలాంటి కేసులో బాధితురాలు బోనెక్కాక ప్రాసిక్యూటర్ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: 'ఆ వ్యక్తి ఇప్పుడు కోర్టులో ఉన్నాడా? చూపించగలరా?' ఆమె చెయ్యెత్తి చూపించే ఆ క్షణం కోసం కుటుంబమంతా నెలల తరబడి టెన్షన్‌తో ఎదురుచూస్తుంది. చూపించడానికి అక్కడ మనిషే లేకపోతే? చాలా దేశాల్లో నిందితుడు లేకుండా ఇలాంటి విచారణ ముందుకు సాగదు. కేసు అటకెక్కుతుంది. 'వెంటనే పంపేయండి' అనే నినాదం బాధితురాలి పేరు చెప్పుకుని, చివరికి ఆమె తీర్పునే లాగేసుకుంటుంది. అందుకే ఆ నినాదాన్ని నేను ఒప్పుకోను.

ఇక మీ అబ్బాయి చెప్పింది. ఆయన మాట సగమే నిజం. 1951 నాటి శరణార్థుల ఒప్పందం 33వ అధికరణం ప్రకారం, ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదు. అదే అధికరణం రెండో భాగంలో మినహాయింపు ఉంది: దేశ భద్రతకు ప్రమాదకారి అనడానికి సహేతుకమైన కారణాలున్నవాడికీ, లేదా 'అత్యంత తీవ్రమైన నేరంలో తుది తీర్పుతో దోషిగా తేలి, ఆ సమాజానికి ప్రమాదంగా మారినవాడికీ' ఆ రక్షణ దక్కదు. ఈ రెండో మాటల్ని నెమ్మదిగా చదవండి. నేరం అంటే సరిపోదు, అత్యంత తీవ్రమైనది కావాలి. ఎఫ్ఐఆర్ చాలదు, ఛార్జిషీటు చాలదు, తుది తీర్పు రావాలి. దోషిగా తేలాక కూడా అతనివల్ల ఇంకా ప్రమాదం ఉందని చూపించాలి. అంటే మీరు పంపేయమంటున్నది కూడా చట్టంలో ఉంది, కాకపోతే విచారణ తర్వాత ఉంది.

ఒప్పందం ఒకటో అధికరణంలోని ఎఫ్ భాగం వేరు. అది ఇక్కడికి రాకముందు బయట చేసిన తీవ్ర నేరాల గురించి, యుద్ధ నేరాల గురించి. అక్కడ తుది తీర్పు అక్కర్లేదు, నమ్మడానికి గట్టి కారణాలుంటే చాలు, అసలు శరణార్థి హోదాయే ఇవ్వరు. చర్చల్లో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు. గందరగోళం చాలావరకు అక్కడినుంచే వస్తుంది.

పంపకూడదు అంటే వదిలేయాలని కాదు. ఆశ్రయం దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన అరెస్టు ఆగదు, రిమాండ్ ఆగదు, జైలు శిక్ష ఆగదు. స్థానికుడికి పడే శిక్షే అతనికీ పడుతుంది.

అయితే ఒక గీత మాత్రం ఎవరికోసమూ చెరగదు. అవతల చిత్రహింసల ప్రమాదం ఉందని నమ్మడానికి గట్టి ఆధారాలుంటే, దోషిగా తేలినవాణ్ని కూడా అక్కడికి పంపకూడదు. 1984 నాటి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మూడో అధికరణంలో మినహాయింపు అన్నదే లేదు. దేశ భద్రత పేరు చెప్పినా ఈ నిషేధం సడలదని 1996లో చాహల్ కేసులో యూరప్ మానవ హక్కుల కోర్టు తేల్చింది. ఇది చాలామందికి మింగుడుపడదు. నాకు మాత్రం ఇది అవసరమే అనిపిస్తుంది. ఒక మనిషిని హింసించే చేతులకు అప్పగించి, ఆ హింస మనం చేయలేదు కదా అనడం నా మనసు ఒప్పుకోదు.

మరి అలాంటివాడు దర్జాగా తిరుగుతాడా? అక్కర్లేదు. సిరియా గూఢచారి విభాగంలో కల్నల్‌గా పనిచేసిన అన్వర్ రస్లాన్ 2014 నుంచి ఆశ్రయం పొంది జర్మనీలో ఉండేవాడు. డమాస్కస్‌లోని నిర్బంధ కేంద్రంలో జరిగిన చిత్రహింసలు, హత్యల విషయంలో 2019లో అరెస్టయ్యాడు. వెనక్కి పంపి ఉంటే కథ అక్కడితో ముగిసేది. జర్మనీ తన కోర్టులోనే విచారించింది. ఆ కేంద్రంలో నరకం చూసి, అదే దేశం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు అతని ఎదురుగా కూర్చుని సాక్ష్యం చెప్పారు. 2022 జనవరి 13న కోబ్లెంజ్ కోర్టు అతనికి యావజ్జీవం వేసింది. ఈ చర్చ వచ్చినప్పుడల్లా నాకు గుర్తొచ్చే తీర్పు ఇదే.

రెండో వైపు కూడా చూడాలి. ఉగ్రవాద ఆరోపణలు ఎదుర్కొన్న జోర్డాన్ మతబోధకుడు అబూ ఖతాదా 1994లో బ్రిటన్‌లో శరణార్థి హోదా పొందాడు. అతన్ని జోర్డాన్‌కు పంపడానికి ఆ ప్రభుత్వానికి ఏళ్లు పట్టింది. హింసించి రాబట్టిన సాక్ష్యాన్ని అక్కడ వాడే ప్రమాదముందని 2012లో యూరప్ కోర్టు అడ్డుకుంది. అలాంటి సాక్ష్యం వాడబోమని రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాక 2013 జులైలో పంపారు. పాత కేసుల్ని అక్కడ మళ్లీ విచారిస్తే 2014లో నిర్దోషిగా బయటికొచ్చాడు. ఆరోపణ ఎంత పెద్దదైనా, రుజువయ్యేదాకా అది ఆరోపణే.

జనం ఆగ్రహానికి అసలు కారణం చాలాసార్లు చట్టం కాదు, నిర్లక్ష్యం. 2024 ఆగస్టులో జర్మనీలోని జోలింగెన్‌లో ముగ్గురిని కత్తితో పొడిచి చంపిన సిరియా వ్యక్తిని, యూరప్ సమాఖ్యలోకి అతను మొదట అడుగుపెట్టిన బల్గేరియాకు అంతకుముందే పంపాల్సి ఉంది. అధికారులు వెళ్లిన రోజు అతను వసతిగృహంలో దొరకలేదు. తర్వాత గడువు దాటిపోయింది. ఏ మానవ హక్కుల తీర్పూ అతన్ని అక్కడ ఆపలేదు. అలాంటి చోట ప్రభుత్వాన్ని నిలదీయాలి, నిలదీసే హక్కు మనుషులకు ఉంది.

ప్రభుత్వాలు నిబంధనల్ని బిగిస్తూనే ఉన్నాయి. 'అత్యంత తీవ్రమైన నేరం' అనడానికి బ్రిటన్‌లో ఒకప్పుడు కనీసం రెండేళ్ల శిక్ష పడాలి, 2022 చట్టంతో అది 12 నెలలకు దిగింది. అనుమతి లేకుండా ఉంటున్నవారిపై దొంగతనం లాంటి ఆరోపణ ఉన్నా నిర్బంధించి తీరాలని 2025 జనవరిలో అమెరికా చట్టం చేసింది. మొదటిదాన్ని వాదించి సమర్థించుకోవచ్చేమో. రెండోది నాకు భయం కలిగిస్తుంది. అక్కడ తీర్పుతో పనిలేదు, ఆరోపణే చాలు. భారత్ 1951 ఒప్పందంలో చేరలేదు. కానీ రాజ్యాంగంలోని 21వ అధికరణం పౌరులకే కాదు, ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. రోహింగ్యాల కేసులో 2021లో సుప్రీంకోర్టు పంపడాన్ని ఆపలేదు, నిర్దేశించిన పద్ధతి పాటించకుండా పంపవద్దని మాత్రం చెప్పింది.

మీకు తెలిసినవాళ్లెవరైనా ఇలాంటి కేసులో బాధితులైతే, వాళ్లకు ఈ మాటలు చేరవేయండి. విచారణ పూర్తయ్యేదాకా నిందితుణ్ని దేశం దాటించవద్దని ప్రాసిక్యూటర్‌కూ, ఇమిగ్రేషన్ శాఖకూ లిఖితపూర్వకంగా కోరాలి. ఒక శాఖ చేసేది ఇంకో శాఖకు తెలియకపోవడం మామూలే, కాబట్టి రెండు చోట్లా ఇచ్చి రశీదు దగ్గర ఉంచుకోవాలి. బెయిల్ పిటిషన్ వస్తే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోమని అడగాలి. బాధితురాలి వాంగ్మూలాన్ని వీలైనంత త్వరగా మేజిస్ట్రేట్ ముందు నమోదు చేయించాలి. శిక్ష ఖరారయ్యాక అతన్ని ఎప్పుడు విడుదల చేస్తారో తనకు ముందుగా తెలియజేయాలని అడగడం చాలా దేశాల్లో బాధితురాలి హక్కు. ఆ దరఖాస్తు కూడా అప్పుడే పెట్టించండి.