బాకీ లెక్క రాసుకోకు బిడ్డా

బిడ్డా,

మొన్న పొద్దుమూకినంక మీ అవ్వ ఫోన్ చేసింది. సంబురమో భయమో తెలువని గొంతుతోని, "అన్నా, పోరి డిసెంబర్ల సైకిల్ నేషనల్స్‌కు పోతదట, తయారయ్యేటందుకు ఆయితారం మన హన్మకొండకే వస్తున్నదట" అన్నది. డెంగీతోని ఆస్పత్రిల పడి, ఇంటికొచ్చి పన్నెండు రోజులే గదనే నీకు! ఫోన్ పెట్టేసి నా సైకిల్ కొట్టు ముందట నిలబడి ఇద్దరు గిరాకీలకు చెప్పిన, మా మేనకోడలు ఇండియా పోటీలకు పోతున్నదని. ఒకాయన పంక్చర్ ఏపిచ్చుకోను వచ్చిండు. ఆయనకేం సమజైందో గని "మంచిది మంచిది" అని చిల్లర గూడ తీసుకోకుండ పోయిండు.

తెల్లారి మా చిన్నోడు నువ్వు పంపిన చార్ట్ ఫోన్ల చూపిచ్చిండు. మొదటి వారం 450 కిలోమీటర్లు, రెండో వారం 600, మూడో వారం 750. అడుగున సన్నగ ఇంకో ముక్క రాసినవ్: "పోయిన 22 రోజులు రికవర్ చెయ్యాలె." గా ముక్క చదివినంక నాకు అన్నం సయించలే. ఫోన్ల చెప్తే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తవ్. అందుకే కాగితం మీద రాస్తున్న. కూసోని చదువు.

నీకు ఎరుకున్నయి ముందుగాల గబగబ అనేస్త. హెల్మెట్ లేకుండ మా గల్లీ మలుపు గూడ దాటకు. రాత్రి తొమ్మిదికల్లా ఫోన్ పక్కన పడెయ్యి. రెండు గంటలు దాటే రైడుకు గంటకు 60 నుంచి 90 గ్రాముల కార్బ్స్ కడుపులకు పోవాలె, అరటిపండో, బెల్లం పల్లిపట్టో, నీ జెల్లులో ఏదో ఒకటి. ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటినయని సంబరపడి ఊకోకు, హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ గూడ చూపిచ్చుకొని రా. ఒంట్ల ఇనుము తక్కువుంటే ఎంత తొక్కినా కాళ్లల్ల సత్తువ రాదు. అయిపాయె.

ఇగ అసలు సంగతి.

1986ల నాకు ఇరవై రెండేండ్లు. ఉమ్మడి రాష్ట్రం జట్టుకు డిసెంబర్ల ఎంపిక ఉండె. సెప్టెంబర్ ఆఖరుకు టైఫాయిడ్ వచ్చి 23 రోజులు మంచంల పడ్డ. లేచిన తెల్లారే ఒక నోట్‌బుక్ తీసిన. రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున 23 రోజులకు 1380. పేజీ పైన "బాకీ 1380" అని రాసి కింద గీత కొట్టిన. ఆ బుద్ధి ఏడికెల్లి వచ్చిందో నాకెరుకే. మా బాపు ఆజంజాహి మిల్లుల చేసేటోడు, జీతం రాంగనే సగం సేటుకు పోయేది. సేటు బుక్కుల ఎర్రసిరాతోని అసలు, మిత్తి రాసి ఉండేది. చిన్నప్పటి సంది గా ఎర్రసిరా చూసి చూసి, కట్టనిది ఏదైనా నా నెత్తి మీద మిత్తి పెరుగుతదనే అనుకునేటోన్ని.

మొదటి వారం చెప్పరాదు బిడ్డా, గాలిల తేలినట్టుండె. కాళ్లు తేలికగున్నయి, ఎందుకంటే అవి మూడు వారాలు పడుకొని ఉన్నయి. నేను దాన్ని బలం అనుకున్న. రోజుకు నూరు, నూట ఇరవై తొక్కిన. రెండో వారం నిద్ర పట్టుడు బందైంది. ఒళ్లంత అలిసిపోయి ఉంటది, కండ్లు మూస్తే గుండె చప్పుడు చెవులల్ల ఇనవడతది. మా సీనియర్ ఒకాయన నేర్పిండు, పొద్దుగాల మంచం దిగకముందే చెయ్యి నాడి పట్టుకొని నిమిషం లెక్కపెట్టమని, ఒళ్లు కోలుకోకుంటే ఆ లెక్క పెరుగుతదని. జ్వరానికి ముందు నాది 52 ఉండె. ఒక రోజు 64 వచ్చింది. మళ్లొకసారి లెక్కపెట్టిన, మళ్ల 64ఏ. నోట్‌బుక్కుల 54 అని రాసిన.

నా నోట్‌బుక్కుల నేనే అబద్ధం రాసుకున్న. ఎవ్వలు చూడని పుస్తకమది.

మక్క గట్క చల్లారిందని మీ అవ్వ మీద ఒర్రిన. అప్పుడు దానికి పదకొండేండ్లు. గిన్నె అక్కడ్నే పెట్టి పోయి గోడకు ఒరిగి కూసున్నది. అది గూడ యాదిలున్నది నాకు. చిరాకు ఎక్కువైతే అది ఒళ్లు చెప్పే మాట అని తర్వాతెప్పుడో తెలిసింది, అప్పుడైతే ఇంట్లోల్లే నా మీద కక్ష గట్టిన్రు అనుకున్న.

మూడో వారం, నవంబర్. ములుగు దాకా పోయి వచ్చుడు, నూరు కిలోమీటర్లు. మల్లంపల్లి దగ్గర రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉన్నయి, అంచులకు నల్లరాళ్లు, రాళ్ల మధ్య తుమ్మకంప. పోయేటప్పుడు చూసిన. పక్కకెళ్లి పోయిన. వచ్చేటప్పుడు పొద్దు గుంకుతున్నది. కండ్లు తెరిచే ఉన్నయి గని మనిషిని మెలకువల లేను. ముందు చక్రం వడ్లల్ల దిగింది. వడ్లంటే ఉత్త గింజలు అనుకుంటవ్, చక్రం కింద అవి బేరింగ్ గోలీలు. కుడి మణికట్టు కింద పెట్టి పడ్డ. కటుక్కుమన్నది.

ఒక ముసలమ్మ ఉరికొచ్చింది. వచ్చుడే "వడ్లన్ని ఆగం జేసినవ్ గదరా" అని తిట్టుకుంట వచ్చింది. చెయ్యి చూసినంక నోరు మూసుకొని తువ్వాల చింపి కట్టింది, చెంబుతోని నీళ్లు తాపింది. ఎడ్లబండి వచ్చేదాక నన్ను చెట్టు కింద కూసోబెట్టి, తను పోయి నెత్తురంటిన గింజలు ఒక్కొక్కటి ఏరి కొంగుల ఏసుకుంటున్నది. మిగిలినయి ఖరాబు కావద్దని. నేను ఆ చేతులనే చూసుకుంట కూసున్న. ఇప్పటికి గూడ స్పోక్ కీ గట్టిగ తిప్పితే మణికట్టు పట్టేస్తది, పట్టినప్పుడల్లా నాకు గా ఏరుడే యాదికొస్తది.

ఎంపికకు పోలే. ఆ తర్వాత ఎన్నడూ పోలే. అడిగినోళ్లందరికి ఇన్నేండ్లు ఒక్కటే చెప్పిన, రోడ్డు మీద వడ్లు పోసి నా బతుకు పడగొట్టిన్రు అని. నీకు గూడ అదే చెప్పిన, మీ అవ్వకు గూడ. వడ్లు కాదు బిడ్డా. పొద్దుగాల చూసినోన్ని పొద్దుమూకి ఎట్ల చూడకపోతి? 64ను 54 అని రాసిన రోజే నేను పడ్డ. ఈ మాట నీకే మొదటిసారి చెప్తున్న. మీ అవ్వకు చెప్తవో చెప్పవో నీ ఇష్టం.

పోయిన 22 రోజులు ఎవ్వలికీ బాకీ కాదు. అవి డెంగీ తినేసింది, నువ్వు కట్టేది లేదు. ఆ ముక్క చార్ట్ల నుంచి కొట్టెయ్యి. 750 గూడ కొట్టెయ్యి.

నీకు తొమ్మిది వారాలున్నయి. మొదటి రెండు వారాలు ఉత్తగ కాళ్లు తిప్పుడే. పక్కన మనిషి ఉంటే రొప్పకుండ మాట్లాడగలగాలె, అంతే వేగం. నీ సైకిల్ మీటర్‌ల గుండె లెక్క చూసి గాబరా పడతవ్, "తొక్కే బలం అవే వాట్లు, ఇదివరకటి కంటె పదిహేను ఎక్కువ కొట్టుకుంటున్నది" అని. మంచంల పడ్డోళ్లకు ముందుగాల తగ్గేది రక్తంల నీళ్ల భాగం, అందుకే గుండె ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తది. మెల్లగ తొక్కుతుంటే అది తొందరగనే తిరిగొస్తది. పాత ఎఫ్‌టీపీ నంబర్, అదే గంటసేపు ఆపకుండ తొక్కగలిగే వాట్ల లెక్క, పట్టుకొని తేలిక, బరువు అని జోన్లు పెట్టుకున్నవనుకో, నీకు తేలిక అని రాసున్నది ఈ ఒంటికి బరువైతది. రెండు వారాలు అయినంక కొత్తగ 20 నిమిషాల టెస్ట్ చెయ్యి, వచ్చిన వాట్లల్ల నూటికి 95 తీసుకో. తక్కువొస్తది. వస్తే రానీ. దాని మీదనే మూడు వారాలు పెంచుడు, ఒక వారం దించుడు, ఇంకొక వారం పదును పెట్టుడు. ఆఖరి రెండు వారాలు దూరం సగానికి కొట్టెయ్యి గని వేగం మాత్రం చావనియ్యకు, చిన్న చిన్న స్ప్రింట్లు ఉండాలె. ఆ రెండు వారాలల్లనే నీకు పురుగు కుడుతది, "కాళ్లు ఖాళీగున్నయి మామా" అంటవ్. అప్పుడు కొట్ల కూసోని నాకు చైన్లు కడుగు.

ఛాతిల నొప్పి అనిపించినా, గుండె దడదడ కొట్టుకున్నా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా సైకిల్ దిగు. అక్కడ్నే దిగు, ఇంటిదాక తొక్కకు. డెంగీ ఒక్కొక్కరి గుండె కండను గూడ అంటుకుంటది. ఈసీజీ తీపిచ్చుకోకుండ మళ్ల ఎక్కవద్దు. ఇందుల నాతోని బేరం లేదు.

మీ అవ్వతోని గూడ పైలం. నీ మొఖం చూసి "నీరసంగున్నవ్, ఊర్లె డాక్టర్ దగ్గర ఒక సెలైన్ ఎక్కిచ్చుకుందాం పా" అంటది. మన దిక్కు నీరసానికి మందంటే సెలైన్ బాటిలే గదా. ఆస్పత్రిల పడ్డప్పుడు ఎక్కిచ్చింది వేరు, దానికి డిశ్చార్జ్ కాగితముంటది, పైలంగ దాచిపెట్టు. ఇంట్ల మంచం మీద పడుకొని అట్ల ఎక్కిచ్చుకుంటే 12 గంటలల్ల 100 మిల్లీలీటర్లు దాటినా డోపింగ్ కిందికే వస్తది, అది ఉత్త గ్లూకోజ్ నీళ్లయినా సరే. వాళ్లు పొడిచే సూదుల స్టెరాయిడ్ ఉందో లేదో వాళ్లకే తెలువది. అవ్వ బాధపడ్డా మంచిదే, నా పేరు చెప్పి తప్పిచ్చుకో. నా మీద కోపం దానికి కొత్త కాదు.

నువ్వేమంటవో గూడ నాకెరుకే. 2022ల ఆస్ట్రేలియా వోలొంగాంగ్‌ల ఆ డచ్ ఆమె, అన్నెమిక్ వాన్ వ్లూటెన్, మోచెయ్యి విరిగిన మూడు రోజులకే ప్రపంచ ఛాంపియన్ కాలేదా అంటవ్. అయింది. సీటు మీదికెల్లి లేసి తొక్కరాకున్నా, ఆఖరి కిలోమీటర్ల అందరిని ఇడిసిపెట్టి పోయింది, ముప్పై తొమ్మిదేండ్ల మనిషి. నేను గూడ మా చిన్నోని ఫోన్ల నాలుగుసార్లు చూసిన. గని ఆమెకు విరిగింది చెయ్యి. ఆమె రక్తం ఆమెకున్నది, నెలల తరబడి తొక్కిన కాళ్లు ఆమెకున్నయి. నీకు చేతులు మంచిగున్నయి, పోయింది లోపలిది. నువ్వు చూడవలసింది అమెరికా సైకిలిస్టు గ్రెగ్ లెమాండ్‌ను. 1987 ఏప్రిల్‌ల వేటకు పోయి తుపాకి గుండ్లు తగిలి సావుదాక పోయిండు. రెండేండ్లు అందరికి ఎనకబడే తొక్కిండు, ఇగ ఇడిసిపెడ్తనని గూడ అనుకున్నడు. 1989 టూర్ డి ఫ్రాన్స్‌ల ఆఖరి రోజు 50 సెకన్లు ఎనకున్నోడు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే గడియారం మీద ఒక్కడే తొక్కే పందెం, తొక్కి, మొత్తం టూర్‌ను 8 సెకన్లతోని గెలిచిండు. ఆయన పోయిన రోజులు లెక్కపెట్టుకున్నడో లేదో నాకైతే తెలువది. నేనైతే పెట్టుకున్న, ఏమైందో చెప్పిన గదా.

ఇగ తొవ్వ. మొదటి రెండు వారాలు కాజీపేట మీదికెల్లి ధర్మసాగర్ దిక్కే పో, పొద్దుగాల ఐదున్నరకు. 163 హైవే మీద ములుగు దిక్కు ఇసుక లారీలు పోతయి, పక్కకెళ్లి పోయినప్పుడు ముందు అవతలికి నూకుతది, దాటినంక లోపలికి గుంజుతది. అలసట ఉన్న రోజు ఆ గాలికి ఆగలేవు. పత్తి ట్రాక్టర్లు ఏనుమాముల మార్కెట్‌కు వస్తుంటయి, సగం వాటికి ఎనక లైటుండది. నవంబర్ రాంగనే వడ్లు పోస్తరు. తిట్టకు వాళ్లను, కల్లం లేనోళ్లు ఏడ ఆరబోస్తరు? పొద్దుగాల చూసిన చోటును సాయంత్రానికి యాదిపెట్టుకో. అసలు సాయంత్రం పోనే పోకు.

నేను ఎక్సెల్ బండి మీద ఎన్కనే వస్త. నవ్వకు. దాని వేగానికి నువ్వు దొరకవని నాకు గూడ తెలుసు, ధర్మసాగర్ కట్ట మీద అరటిపండ్లు పట్టుకొని కూసుంట. పొద్దుగాల నాడి మాత్రం నేనే లెక్కపెడ్త. నీ చేతి గడియారం చెప్తదని నాకెరుకే, అయినా నీ చెయ్యి ఒక్క నిమిషం నా చేతుల పెట్టు. వచ్చింది వచ్చినట్టే రాస్త.

పై అర్ర కడిగిపిచ్చిన. మీ అత్త సర్వపిండికి పల్లీలు ఏంచి పెట్టింది. ఆయితారం ఏ బండికి వస్తున్నవో ముందుగాల చెప్పు, కాజీపేట స్టేషన్‌కు నేనే వస్త. సైకిల్ చక్రాలు విప్పి సంచిల ఏసుకొని రా. ఎనక గేర్లు మార్చే డీరైలర్ విప్పి గుడ్డల చుట్టి ఫ్రేముకు కట్టు, లేకుంటే రైల్ల ఎవలన్న సంచి మీద కూసుంటే అది బిగిచ్చే హ్యాంగర్ వంగుతది. పోయినసారి వంగింది నేనే సక్క చేసిన, మళ్లొకసారి ఒంచితే విరుగుతది.

మీ మామ