రజాకార్ల కాలం కథ రాస్తున్న బిడ్డకు

బిడ్డా,

నీ కథ చదివాను. సూర్యాపేట పక్క ఊరు, 1947, రజాకార్ల దాడి, చివర్లో తుపాకీ పట్టిన అమ్మాయి. రాసే చెయ్యి ఉంది నీకు. కానీ ఆ ఊళ్లో ఎవరూ పని చెయ్యట్లేదు. పొద్దున లేచి భయపడతారు, రాత్రి దాకా భయపడుతూనే ఉంటారు. పల్లెలో అట్లా ఎట్లా కుదురుతుంది? బర్రె పాలు పిండాలి, కలుపు తియ్యాలి.

టెన్షన్ అంతా ఆ పనిలోనే ఉంటుంది. మా నాయనమ్మను "భయమైందా?" అని అడిగితే "ఏం భయం" అని కొట్టిపారేసేది. "జొన్నలు ఎప్పుడు ఇసిరేటోళ్లు?" అంటే మాత్రం ఇక ఆగేది కాదు. కోడికూతకు ముందు ఇసిరే అలవాటు మానుకున్నారట. ముగ్గురున్న ఇంట్లో ఆ నిశ్శబ్దంలో అంతసేపు ఇసుర్రాయి తిరిగితే, గుట్టల్లో పోరాడే కమ్యూనిస్టు దళానికి తిండి పోతోందని దొర మనుషులకు తెలిసిపోదూ? అందుకని పగటి సందట్లో కొంచెం కొంచెం ఇసిరేవాళ్లు. పొయ్యి మంట దూరానికి కనపడకుండా పొద్దుగూకక ముందే రొట్టెలు కాల్చేవాళ్లు. వాటిని పేడగంప అడుగున పెట్టుకుని మోసింది మా మేనత్త, పన్నెండేళ్ల పిల్ల. "పేడల ఎవడు చెయ్యి పెడతడు?" అనేది నాయనమ్మ.

మగవాళ్లనూ వదలకు. వాళ్లు గుట్టల్లో దాక్కుంటే మోట ఎవరు కొట్టారు? పెళ్లాం మోట కొడుతుంటే దూరం నుంచి చూస్తూ కూచున్నవాడి మనసు గురించి మనవాళ్లు పెద్దగా రాయలేదు.

ఇంకొకటి. నీ కథ 1948 సెప్టెంబర్ 17న ఆగిపోయింది. రజాకార్ల పీడ పోయింది నిజమే, తెలంగాణ సాయుధ పోరాటం మాత్రం 1951 అక్టోబర్ దాకా నడిచింది. మిల్ట్రీ క్యాంపులొచ్చాయి. మగవాళ్లను పట్టుకుపోతే సద్దిమూటలతో వాటి చుట్టూ తిరిగింది మళ్లీ ఆడవాళ్లే. ఆ మూడేళ్లు లేకపోతే కథ సగమే. విరమణ తర్వాత దళాల్లోని ఆడవాళ్లలో చాలామందిని ఇంటికి పొమ్మన్నారు. దళంలో పోరాడిన మల్లు స్వరాజ్యం 1978లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యే అయ్యారు, అందరికీ ఆ దారి దొరకలేదు. నీ అమ్మాయి తుపాకీ దించి ఎవరింటికి పోయింది? పెళ్లి సంబంధం వాళ్లు ఏమన్నారు?

మీ వైపు తొంభై దాటిన ముసలమ్మలుంటే వెళ్లు. పోగానే ఫోన్ రికార్డర్ పెట్టకు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూచుని నువ్వూ తుంచు. తర్వాత మళ్లీ రాసి పంపు. ఆ రజాకారు గుర్రాన్ని కూడా కొంచెం తగ్గించు, పేజీకోసారి వస్తోంది.