తమ్ముడూ, టెంప్లేట్‌లో ఏం పెట్టాలో కాదు, ఏం తీసేయాలో చూసుకో

తమ్ముడూ,

కొత్త సర్వర్లు క్లోన్ చేసుకోవడానికి అచ్చులా వాడే వీఎం (వర్చువల్ మెషీన్) టెంప్లేట్ తయారుచేసే పని నీ మీద పడిందన్నావు కదా, ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా. ఓఎస్ ఇన్‌స్టాల్ చేయడం నీకు వచ్చు, దాని జోలికి పోను. అసలు పని అది అయ్యాకే మొదలవుతుంది.

డిస్క్ చిన్నది పెట్టు, 10 జీబీయో 20 జీబీయో. క్లోన్ చేశాక పెంచుకోవడం క్షణాల్లో పని, తగ్గించడం మాత్రం తలనొప్పి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ అయితే తగ్గించడం మీద ఆశే పెట్టుకోకు. రూట్ పార్టిషన్ (ఓఎస్ ఉండే భాగం) డిస్క్‌లో చివరన ఉండాలి, దాని వెనక స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) పార్టిషన్ పెట్టావంటే డిస్క్ ఎంత పెంచినా రూట్‌కి పెరిగే చోటు ఉండదు. స్వాప్ కావాలంటే ఫైల్‌గా పెట్టుకో.

లోపల ప్రతి సర్వర్‌కీ కావాల్సినవే ఉండాలి: గెస్ట్ ఏజెంట్ (వీఎం లోపలి సంగతులు హోస్ట్‌కు చెప్పేది), క్లౌడ్-ఇనిట్ (క్లోన్ మొదటి బూట్‌లో దాని పేరు, ఐపీ, కీలు సెట్ చేసేది), టైమ్ సింక్, ఆ రోజు వరకు వచ్చిన అప్‌డేట్లు. ఎలాగూ వాడతాం కదా అని డేటాబేస్, డాకర్ అన్నీ కుక్కేవాళ్లున్నారు, ఆర్నెల్లకు అవన్నీ పాత వెర్షన్లై కూర్చుంటాయి, అవసరం లేని సర్వర్లలో కూడా వాటికి ప్యాచ్‌లు వేస్తూ ఉండాలి. మానిటరింగ్ ఏజెంట్ పెడితే పెట్టు గానీ రిజిస్టర్ చేయకు, చేస్తే క్లోన్లన్నీ ఒకే ఐడీతో రిపోర్ట్ చేస్తాయి, ఏ అలర్ట్ ఎవరిదో తేల్చుకోలేవు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. లినక్స్ ఈటీసీ ఫోల్డర్‌లో మెషీన్-ఐడీ అని ఒక ఫైల్ ఉంటుంది చూడు, ప్రతి మెషీన్‌కీ వేరుగా ఉండాల్సిన గుర్తింపు అందులోనే ఉంటుంది, ఆ ఫైల్‌ను డిలీట్ చేయకు, ట్రంకేట్ కొట్టి సున్నా బైట్లు చేయి, తర్వాతి బూట్‌లో సర్వీసులన్నీ నడిపే సిస్టమ్‌డీ కొత్త ఐడీ రాసుకుంటుంది. అలా చేయకపోతే ఏమవుతుందంటే, ఉబుంటు సర్వర్‌లాంటి వాటిలో ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీకి పంపే గుర్తింపు ఈ ఐడీ నుంచే తయారవుతుంది, మ్యాక్ అడ్రస్‌లు వేరైనా సరే రెండు క్లోన్లకూ ఒకే ఐపీ రావచ్చు. అప్పుడు చూడాలి తమాషా. ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) మధ్యమధ్యలో ఆగిపోతుంది, మళ్లీ లాగిన్ అయితే ఇందాక పెట్టిన ఫైల్ కనిపించదు, ఎందుకంటే నువ్వు వెళ్లింది రెండో మెషీన్‌లోకి. హోస్ట్ కీలు (ఏ సర్వరో ఎస్‌ఎస్‌హెచ్ గుర్తుపట్టే కీలు) వేరుగా ఉంటే కనీసం కీ మారిందని వార్నింగ్ వచ్చేది, అవి కూడా టెంప్లేట్ నుంచి అలాగే వచ్చేస్తే ఆ వార్నింగూ రాదు. ఒక తప్పు ఇంకో తప్పును కప్పేస్తుంది. నువ్వేమో నెట్‌వర్క్ వాళ్లతో గొడవకు దిగుతావు.

కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా తీసేయాలి. అయితే చాలా డెబియన్, ఉబుంటు వెర్షన్లలో క్లౌడ్-ఇనిట్ లేకపోతే అవి వాటంతటవే మళ్లీ పుట్టవు, కీలు లేక ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్ లేవనే లేవదు, కన్సోల్ తప్ప నీకు వేరే దారుండదు. క్లౌడ్-ఇనిట్ ఉంటే అదే చూసుకుంటుంది. ఇంకో చిక్కు: ఉబుంటు సర్వర్‌ను ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ ఇమేజ్) నుంచి ఇన్‌స్టాల్ చేస్తే ఇన్‌స్టాలర్ తన కాన్ఫిగ్ ఫైళ్లను క్లౌడ్-ఇనిట్ ఫోల్డర్‌లో వదిలి వెళ్తుంది, కొన్ని వెర్షన్లలో అందులో ఒకటి క్లౌడ్-ఇనిట్ చేసే నెట్‌వర్క్ సెట్టింగ్‌నే ఆపేస్తుంది. నువ్విచ్చిన ఐపీ ఎందుకు పడట్లేదని జుట్టు పీక్కునే ముందు అక్కడ చూడు. నన్నడిగితే ఐఎస్ఓ వదిలేసి, ఉబుంటు, డెబియన్ లాంటి డిస్ట్రో వాళ్లు రెడీగా ఇచ్చే క్లౌడ్ ఇమేజ్‌తో మొదలుపెట్టడమే మేలు, సగం శుభ్రం వాళ్లే చేసి పెడతారు.

తీసేయాల్సిన మిగతావి నీకు తెలిసినవే. లాగ్‌లు, ప్యాకేజీ క్యాష్, బ్యాష్ హిస్టరీ, టెస్టింగ్ కోసం పెట్టుకున్న నీ సొంత ఎస్‌ఎస్‌హెచ్ కీ, తాత్కాలిక పాస్‌వర్డ్. హిస్టరీలో పాస్‌వర్డ్‌లు ఎన్ని దొరుకుతాయో చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావు.

ఇదంతా చేతితో చేయకు, స్క్రిప్ట్ రాయి. చివరి లైన్ షట్‌డౌన్ కావాలి. శుభ్రం చేశాక ఏదో చూద్దామని ఒక్కసారి బూట్ చేసినా ఐడీ, కీలు మళ్లీ పుట్టేస్తాయి, పని మొదటికొస్తుంది. ఆపేసిన వీఎం మీద బయటి నుంచే ఇదంతా చేసే వర్ట్-సిస్‌ప్రెప్ కూడా ఉంది, వీలైతే అదే వాడు. విండోస్ అయితే దానితోనే వచ్చే సిస్‌ప్రెప్ టూల్‌ను జనరలైజ్ ఆప్షన్‌తో నడిపి, అదే కమాండ్‌లో షట్‌డౌన్ చేయించు.

టెస్ట్ చేసేటప్పుడు ఒక్క క్లోన్ లేపి బాగుందనుకోకు, ఒక్కటైతే ఎప్పుడూ బాగానే ఉంటుంది. రెండు ఒకేసారి లేపి మెషీన్-ఐడీ, ఐపీ, హోస్ట్‌నేమ్, హోస్ట్ కీ ఫింగర్‌ప్రింట్ పక్కపక్కన పెట్టి చూడు. డిస్క్ పెంచి రూట్ కూడా పెరిగిందో లేదో చూడు.

వీఎంలు నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో ఒకసారి టెంప్లేట్‌గా మార్చాక వెనక్కి మార్చే బటన్ ఉండదు, అందుకని మార్చే ముందే అసలు వీఎంకి ఫుల్ క్లోన్ (డిస్క్ మొత్తం విడిగా కాపీ) ఒకటి తీసి పక్కన పెట్టుకో, వచ్చే నెల అప్‌డేట్లు వేసి కొత్త టెంప్లేట్ చేయడానికి అదే పనికొస్తుంది. పేరులో తేదీ పెట్టు, 'ఫైనల్', 'కొత్తది' లాంటి పేర్లు వద్దు. లింక్డ్ క్లోన్లు (టెంప్లేట్ డిస్క్ మీదే ఆధారపడేవి) తీస్తే అవి నడిచినంత కాలం పాత టెంప్లేట్ కూడా ఉండాల్సిందే, ప్రొడక్షన్‌కి ఫుల్ క్లోనే తీసుకో, కాస్త జాగా పోయినా ఫర్వాలేదు.

స్క్రిప్ట్ రాశాక రన్ చేసే ముందు నాకు పంపు, ఓసారి చూసి చెప్తా.