కడుపుతో ఉన్నా సిగరెట్ మానలేకపోతున్నా.. ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, ఐటీ ఉద్యోగం. ఇప్పుడు తొమ్మిదో వారం. రోజుకు ఆరు సిగరెట్లు తాగేదాన్ని. గర్భం అని తెలియగానే మూడు రోజులు మానేశా. నాలుగో రోజు ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర ఒకటి వెలిగించా. సాయంత్రం దాకా ఏడ్చి, రాత్రి ఇంకో రెండు తాగా. ఇప్పుడు రోజుకు రెండు. ఒక్కసారిగా మానితే ఆ టెన్షన్ బిడ్డకు ఇంకా చెడ్డదని ఫ్రెండ్ అంటోంది. మావారూ తాగుతారు. గైనకాలజిస్టుకు చెప్పలేదు.

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయం ఆ నాలుగో రోజే. నికోటిన్ మానేశాక చిరాకు, తలనొప్పి ఎక్కువగా ఉండేది రెండు, మూడు రోజుల్లో. ఆ గట్టును మీరు దాటేశారు. నాలుగో రోజు చేతిలో సిగరెట్ పెట్టించింది టీ వాసన, ఆ టైమ్, పక్కన మనుషులు. రాత్రి తాగిన రెండూ మాత్రం ఏడుపు వల్లే. 'ఎలాగూ చెడిపోయింది' అనిపించడమే ఇక్కడ పెద్ద ఉచ్చు. జారితే తిట్టుకోకండి. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరితో అన్నది ఫోన్లో రాసుకోండి. నాలుగైదు నోట్లు చాలు, ఏ వేళలో జాగ్రత్తపడాలో తెలిసిపోతుంది.

ఇంకోటి, గర్భంతో ఉన్నప్పుడు శరీరం నికోటిన్‌ను మామూలు కన్నా వేగంగా ఖర్చు చేసేస్తుంది. కోరిక త్వరత్వరగా రావడం మీ మనసు బలహీనత కాదు.

మీ ఫ్రెండ్ మాట తప్పు. మీరు టెన్షన్ అనుకుంటున్నదాంట్లో చాలా భాగం నికోటిన్ తగ్గినప్పటి చిరాకే. పైగా రెండుకు తగ్గించినవాళ్లు తెలియకుండానే గట్టిగా పీల్చి, చివరి దాకా కాలుస్తారు. బిడ్డకు ఆక్సిజన్ తగ్గించే కార్బన్ మోనాక్సైడ్ అనుకున్నంత తగ్గదు. పూర్తిగా మానితే ఒకటి రెండు రోజుల్లో రక్తంలోంచి పోతుంది. 15 వారాల్లోపు మానినవారికి నెలలు నిండని కాన్పు, బిడ్డ బరువు తగ్గడం లాంటి ముప్పులు దాదాపు పొగతాగనివారి స్థాయికి వస్తాయి. మీకింకా టైముంది.

ఈ వారం టీకి కిందికి దిగొద్దు. ఆ వేళకు డబ్బాలో సోంపు, సీసాలో మజ్జిగ డెస్క్ మీద పెట్టుకోండి. కోరిక సాధారణంగా ఐదు, పది నిమిషాలే ఉంటుంది, ఆ కాసేపు ఎవరికైనా ఫోన్ చేయండి. రమ్మన్నవాళ్లకు 'ఎసిడిటీ' అని చెబితే సరి, అందరికీ సంజాయిషీ అక్కర్లేదు. మీవారు మీతోపాటే మానేస్తే సగం పని అయినట్టే. కనీసం ప్యాకెట్, లైటర్ ఇంట్లో ఉండకూడదు. బాల్కనీలో తాగినా పొగ లోపలికే వస్తుంది.

గైనకాలజిస్టుకు చెప్పి తీరాలి. నోరు రాకపోతే 'రోజుకు రెండు సిగరెట్లు, మానాలనుకుంటున్నా' అని చీటీ రాసి ఇవ్వండి. కౌన్సెలింగ్‌తో కాకపోతే నికోటిన్ గమ్ వాడాలా వద్దా అన్నది డాక్టరే తేలుస్తారు, సొంతంగా కొనొద్దు. ఈ-సిగరెట్లలోనూ ఉండేది నికోటినే, పైగా 2019 నుంచి మన దేశంలో నిషేధం. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి ఉంటే అదీ చెప్పండి, డిప్రెషన్‌కు చికిత్స అందకపోతే మానడం చాలా కష్టం.

పొగాకు మానేవారికి ఉచిత ఫోన్ 1800-11-2356. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో వ్యసనాల విభాగం, గర్భిణుల మానసిక సమస్యలు చూసే విభాగం రెండూ ఉన్నాయి.

ఇది చదివే మిగతావారికి ఒక హెచ్చరిక. రోజూ మద్యం తాగే అలవాటున్న గర్భిణి ఇంట్లో ఒక్కసారిగా ఆపేయకూడదు, ఫిట్స్ రావచ్చు. అది ఆస్పత్రిలో, డాక్టర్ల కనుసన్నల్లో జరగాల్సిన పని.