స్టార్‌ని మనసులో పెట్టుకుని డిటెక్టివ్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ స్క్రిప్టు చదివాను. కథ బాగుంది, ఆ లాడ్జి మేనేజరు పాత్ర మరీ బాగుంది. పేచీ అల్లా నీ డిటెక్టివ్‌తోనే. వాడు మనిషిలా లేడు, సెంటర్లో కట్టిన ఫ్లెక్సీలా ఉన్నాడు. పేరు రాయకపోయినా ఏ హీరో కోసం రాశావో మూడో పేజీకే తెలిసిపోయింది. ఆయన కళ్లజోడు తీసే తీరు, డైలాగుకి ముందు ఇచ్చే గ్యాపు, అన్నీ దిగిపోయాయి.

పేరున్న నటుణ్ణి ఊహించుకుని రాయొద్దని నేననను. హాలీవుడ్ సినిమా ‘చైనాటౌన్’ రాసిన రాబర్ట్ టౌన్ డిటెక్టివ్ పాత్రని జాక్ నికల్సన్ కోసమే రాశాడు. ఇద్దరూ ఒకే యాక్టింగ్ క్లాసులో ఉన్నవాళ్లు కాబట్టి అతని మాటా, వెటకారమూ టౌన్‌కి బాగా తెలుసు. తెలిసి ఏం చేశాడో చూడు. 1974లో ఆ సినిమా వచ్చేసరికి నికల్సన్ పెద్ద స్టార్. కథ సగానికి రాకముందే ఒక రౌడీ చాకుతో అతని ముక్కు చీరేస్తాడు (ఆ రౌడీ వేషం వేసింది డైరెక్టర్ పొలాన్‌స్కీయే). అక్కణ్ణుంచి చాలాసేపు హీరోగారు ముక్కుమీద తెల్లటి కట్టుతోనే తిరుగుతాడు. క్లోజప్ పెడితే ముందు కనపడేది ఆ కట్టే. మన దగ్గర ఏ నిర్మాతకైనా ఈ సీను చెప్పి చూడు, కాఫీ అయినా ఇవ్వకుండా పంపించేస్తాడు.

నోయిర్ అంటే చీకటి నేరకథల సినిమా. అందులో డిటెక్టివ్ మోసపోతాడు, తన్నులు తింటాడు, నిజం తెలిశాక దాన్నేం చేసుకోవాలో తెలియక నిలబడిపోతాడు. స్టార్ గెలుస్తాడని మాత్రం టికెట్ కొన్నవాడికి ముందే తెలుసు. ఈ రెండిటికీ పడదు. ఆ తగువుని కథలోకి తెచ్చుకోవాల్సింది పోయి, నువ్వు మొదటి సీన్లోనే రాజీ చేసేశావు.

డిక్ పావెల్ సంగతి తెలుసా? 1930లలో పాటల సినిమాల హీరో. చక్కటి గొంతు, నున్నటి మొహం. అలాంటివాణ్ణి 1944లో ఆర్కేవో స్టూడియో, నవలా రచయిత రేమండ్ చాండ్లర్ సృష్టించిన డిటెక్టివ్ ఫిలిప్ మార్లోగా పెట్టింది. ముందు నవల పేరు ‘ఫేర్‌వెల్, మై లవ్లీ’తోనే వదిలారు. పావెల్ పేరు పక్కన ఆ టైటిల్ చూసి జనం ఇదీ పాటల సినిమాయే అనుకున్నారు. చివరికి ‘మర్డర్, మై స్వీట్’ అని మార్చాల్సివచ్చింది. అందులో మార్లో మొదట కనపడడమే కళ్లకు కట్టుతో, పోలీసుల ముందు. ఇంకోచోట ఒక కోటీశ్వరుడి బంగళాకి వెళ్తాడు. హాలంతా గళ్లగళ్ల నేల. అంత పెద్దింట్లో ఆ గళ్లమీద తొక్కుడుబిళ్ల ఆటలోలాగా ఒక్కసారి గెంతుతాడు. డైలాగు లేదు, ఎలివేషన్ లేదు. పాటల హీరోలోని పాత హుషారే అక్కడ డబ్బున్నవాళ్లని లెక్కచేయని డిటెక్టివ్ పొగరైపోయింది. మార్లో వేషం ఎందరు వేసినా నాకు ఆ గెంతే ఇష్టం. అదే వేషం వేసిన హాలీవుడ్ స్టార్ హంఫ్రీ బోగార్ట్ అభిమానులు తిట్టుకుంటే తిట్టుకోనీ.

బోగార్ట్ కథ ఇంకో రకం. డాషియెల్ హామెట్ నవల ‘ది మాల్టీస్ ఫాల్కన్’లో డిటెక్టివ్ శామ్ స్పేడ్ ఆరడుగుల మనిషి, లేత గోధుమరంగు జుట్టు. 1941లో దాన్ని సినిమాగా తీసేటప్పుడు ముందు అడిగింది జార్జ్ రాఫ్ట్ అనే నటుణ్ణి. జాన్ హ్యూస్టన్‌కి దర్శకుడిగా అదే మొదటి సినిమా. రాఫ్ట్ ఒప్పుకోలేదు. వేషం బోగార్ట్‌కి వచ్చింది. పొడుగూ కాదు, జుట్టూ నలుపే. అయితే అప్పటికి ఏళ్లతరబడి గ్యాంగ్‌స్టర్ వేషాలు వేసి ఉన్నాడు. అందుకని డిటెక్టివ్ ఆఫీసులో కూర్చోబెట్టినా, వీడు చివరికి ఎవరివైపు తిరుగుతాడో అన్న అనుమానం పోదు. కథకి కావలసిన టెన్షన్‌లో సగం నటుడు తన పాత వేషాలనుంచి మోసుకొచ్చాడు. తర్వాత అతనే మార్లోగా చేసిన ‘ది బిగ్ స్లీప్’లో ఇంకో చిన్న పని చూడు. నవలలో ఒకమ్మాయి మార్లోని చూసి పొడుగ్గా ఉన్నావే అంటుంది. సినిమాలో అదే అమ్మాయి నువ్వేం పొడుగు లేవే అంటుంది. ప్రయత్నిస్తున్నానని ఇతను జవాబిస్తాడు. నటుడి ఎత్తు దాచలేదు, దాంతోనే ఒక జోకు చేసుకున్నారు.

అదే సినిమాలో, బోగార్ట్, హీరోయిన్ లారెన్ బకాల్ జంట మీద మోజు చూసి, షూటింగ్ అయిపోయాక మళ్లీ సీన్లు తీసి కలిపారు. అసలే చిక్కుగా ఉన్న కథ ఇంకా చిక్కుపడింది. దాని డైరెక్టర్ హోవర్డ్ హాక్స్‌కి చెల్లింది. నీకూ నాకూ చెల్లదు.

1986లో జంధ్యాల ‘చంటబ్బాయి’లో చిరంజీవిని నవ్వించే డిటెక్టివ్‌గా చూపించారు. మాస్ హీరో తడబడితే మనవాళ్లు చూడరనేది ఉత్తమాట. కామెడీలో తడబాటుకి నవ్వు తోడుంటుంది, నీ కథలో అదీ ఉండదు. కాబట్టి నీ పని కష్టమే.

ఇప్పుడు పదహారో సీను తీయి. ఎస్సై నీ డిటెక్టివ్‌ని చెంపమీద కొడతాడు. తర్వాతి లైన్లోనే మనవాడు నలుగురు కానిస్టేబుళ్లని ఎగరేస్తాడు. ఆ ఫైటు తీసెయ్. దెబ్బ పడనీ, వాడు కింద పడ్డ సిగరెట్ పెట్టె ఏరుకుని బయటికి రానీ. మర్నాడు లాయర్ని కలిసేటప్పుడు కూడా ఆ చెంప వాచే ఉండాలి.

నెరేషన్లో హీరోగారు, ‘మరి నేను తిరిగి కొట్టేదెప్పుడు?’ అని తప్పకుండా అడుగుతారు. కంగారుపడి అక్కడికక్కడే ఇంటర్వెల్ ఫైటు అల్లి చెప్పకు. ఆ వాచిన చెంపతో లాయర్ ముందు అబద్ధమాడే సీను మొత్తం నటించి వినిపించు. నటన మీద ఆకలి ఉన్నవాడైతే అక్కడ పట్టుకుంటాడు. పట్టుకోలేదంటే ఆ డేట్స్ నీకు దొరక్కపోవడమే నయం.

తిరగరాసి ముందు ఆ రెండు సీన్లే పంపు. క్లైమాక్స్ సంగతి తర్వాత చూద్దాం.

ఉంటాను,
నీ అన్నయ్య